పరదేశి కళ్ళతో పాతబస్తీ

మీరు చిక్కడపల్లిలోనో, నారాయణగూడలోనో, అశోక్‌నగర్‌లోనో ఉంటున్నారనుకోండి. "చార్మినారు చూశారా?" అని ఎవరైనా అడిగితే "ఓ, ఎన్నోసార్లు!" అంటారు. "అయితే దాని ఎత్తెంత? గోడలకు పూసిన గచ్చు దేనితో చేశారు? పక్క వీధిలో అమ్మే లక్క గాజుకు లక్క ఎక్కడి నుంచి వస్తుంది? పత్తర్‌గట్టీలో అమ్మే ముత్యం అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది?" అని అడిగితే మాత్రం చాలామంది తల గోక్కుంటారు. చేతికందేంత దగ్గరలో ఉన్నదాన్ని మనం సరిగా చూడం. ఎప్పుడైనా చూడవచ్చులే అనుకుంటాం.

దూరదేశం నుంచి వచ్చిన బాటసారి సంగతి వేరు. అతనికి ఊరు కొత్త, భాష కొత్త, నాణేలు కొత్త. ఎవరిని నమ్మాలో తెలియదు. కాబట్టి ప్రతిదాన్నీ అడుగుతాడు, కొలుస్తాడు, పరీక్షిస్తాడు, రాసుకుంటాడు. శాస్త్రజ్ఞుడు చేసే పని కూడా ఇదే గదా!

హైదరాబాదుకు అలాంటి బాటసారులు చాలామంది వచ్చారు. ఫ్రాన్సు దేశపు రత్నాల వర్తకుడు ఝాఁ బాప్టిస్ట్ తావర్నియే 17వ శతాబ్దం మధ్యలో గోల్కొండ రాజ్యానికి పలుమార్లు వచ్చాడు. మన ఊరిని 'భాగ్‌నగర్' అని పిలిచి, తాను చూసినవన్నీ 1676లో పుస్తకంగా అచ్చు వేయించాడు. మన తెలుగువాడు ఏనుగుల వీరాస్వామి చెన్నపట్నం సుప్రీం కోర్టులో దుబాసీ. ఆయన 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, దారిలో హైదరాబాదు వచ్చాడు. కుంఫిణీ వారి చెన్నపట్నం నుంచి వచ్చిన ఆయనకు నైజాము నగరం మరో ప్రభుత్వపు నగరమే. ఆయన కూడా దారిలో చూసిందంతా రాసి పెట్టాడు. అంతెందుకు? ఉద్యోగ పరీక్షలకు చదువుకోవడానికి జిల్లాల నుంచి అశోక్‌నగర్‌కు వచ్చే అన్నలకూ, అక్కలకూ మొదటి నెలరోజులు ఈ ఊరు పరదేశమే!

ఈ నెల మనం కూడా ఒక్కరోజు పరదేశులమవుదాం. పాతబస్తీ చూద్దాం, బజారు చేద్దాం. ప్రతి వస్తువు దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇది ఏ పదార్థం? ఆ పదార్థం లోపల ఎలా అమరి ఉంది? దాని మీద ఎంత చేతిపని జరిగింది? వస్తువు విలువ ఈ మూడింటి మీద ఆధారపడి ఉంటుంది. ఈ మూడింటిలో పదార్థం పాలు మనం అనుకున్నంత పెద్దది కాదని సాయంత్రానికి మీకే తెలుస్తుంది.

ముందు ఇంటి దగ్గరే ఒక పరీక్ష

పొరుగూరి బజారుకు వెళ్ళేముందు సొంత బజారులో సాధన చేయాలి. కూరగాయలు తేవడానికి అమ్మతో వెళ్ళినప్పుడు తూకం గమనించండి. రెండు పళ్ళేల తక్కెడ ఖాళీగా ఉన్నప్పుడు సమంగా నిలిచిందంటే అది సరైనదే అనుకుంటాం. కానీ దాని కాడ రెండు చేతులూ సమాన పొడవులో లేకపోయినా, పళ్ళేల బరువు సర్ది ఖాళీ తక్కెడను సమంగా నిలపవచ్చు. మరి మోసం ఎలా పట్టాలి?

చాలా తేలిక. వస్తువునూ, రాళ్ళనూ పళ్ళేలు మార్చి మళ్ళీ తూయమనాలి. రెండు తూకాలూ ఒకటే అయితే తక్కెడ మంచిది. ఒకసారి 800 గ్రాములు, పళ్ళేలు మార్చినప్పుడు 1,250 గ్రాములు వచ్చిందనుకోండి. రెంటినీ గుణించి వర్గమూలం తీయండి. 800ను 1,250తో గుణిస్తే 10,00,000. దాని వర్గమూలం 1,000. అసలు బరువు సరిగ్గా ఒక కిలో! రెండింటి సగటు తీస్తే 1,025 వస్తుంది, అది తప్పు. మోసపు తక్కెడతో కూడా నిజమైన బరువు తెలుసుకోవచ్చునన్నమాట. మీటరు కడ్డీ, దారం, రెండు డబ్బా మూతలతో మీరే ఇలాంటి తక్కెడ చేసుకుని సరిచూడండి.

ఇప్పుడు చాలా కొట్లలో ఎలక్ట్రానిక్ కాటాలున్నాయి. సరుకు పెట్టకముందు అంకె సున్నా ఉందో లేదో చూడండి. అప్పుడే కొన్న, సీలు తీయని కిలో ఉప్పు పొట్లం చేతిలో ఉంటే మర్యాదగా అడిగి దాన్ని కాటా మీద పెట్టి చూడండి. పొట్లం సంచి బరువుతో కలిపి కిలోకు కొద్ది గ్రాములు ఎక్కువ చూపాలి. తూనికలు, కొలతల శాఖవారి ముద్ర కూడా కాటా మీద ఉండాలి.

చెట్టు కింది బాల వర్తకులు

"పిల్లలం, మాకెందుకు ఈ పరీక్షలు?" అనకండి. తావర్నియే రాసిన ఒక ముచ్చట వినండి. గోల్కొండ వజ్రాల గనుల ప్రాంతంలో ఒక ఊరి కూడలిలో చెట్టు కింద పది మొదలు పదిహేను, పదహారేళ్ళ లోపు పిల్లలు కూర్చుని ఉండేవారట. వాళ్ళంతా వర్తకుల బిడ్డలు. ఒక్కొక్కరి నడుముకు ఒక పక్క తూకపురాళ్ళ సంచి, మరో పక్క బంగారు నాణేల సంచి! ఎవరైనా వజ్రం తెస్తే అందరిలోకీ పెద్ద పిల్లవాడి చేతిలో పెట్టేవారు. అతను మాట్లాడకుండా చూసి పక్కవాడికిచ్చేవాడు. అలా రాయి చేతులు మారి, మౌనంగా మళ్ళీ పెద్దవాడి దగ్గరకు వచ్చేది. అప్పుడతను బేరం చేసేవాడు. సాయంత్రం కొన్న రాళ్ళన్నిటినీ రంగు, బరువు, నైర్మల్యం ప్రకారం వేరుచేసి, పెద్ద వర్తకులకు అమ్మి, లాభం పంచుకునేవారు. మీ ఈడు పిల్లలే సుమా!

పెద్దవాళ్ళ బేరం ఇంకా వింత. అమ్మేవాడూ, కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పైన గుడ్డ కప్పుకునేవారు. మొత్తం చెయ్యి నొక్కితే వెయ్యి. ఒక వేలు పట్టుకుంటే వంద. వేలి నడిమి కణుపు దాకా పట్టుకుంటే యాభై. కొన మాత్రం పట్టుకుంటే పది. చెయ్యి మూడుసార్లు నొక్కి, రెండు వేళ్ళు పట్టుకుంటే 3,200 అన్నమాట. పక్కనున్న మూడో మనిషికి ధర తెలియదు. నోట మాట లేకుండా అంకెలు పంపే ఈ పద్ధతిని సంకేత భాష అనవచ్చు. తరగతిలో మిత్రునితో ఆడి చూడండి.

మరి వజ్రాన్ని ఎలా పరీక్షించేవారు? ఐరోపావారు పగటి వెలుతురులో చూస్తే, మనవాళ్ళు రాత్రిపూట చూసేవారని తావర్నియే రాశాడు. గోడలో ఒక అడుగు చదరపు గూడు చేసి, అందులో లావు వత్తి దీపం పెట్టి, ఆ వెలుగులో రాయిని వేళ్ళ మధ్య పట్టుకుని చూసేవారు. ఎందుకో ఊహించగలరా? పగటి వెలుతురు అన్ని దిక్కుల నుంచీ వస్తుంది. రాయి పైముఖం మీద పడి చెదిరిన కాంతి లోపలి మచ్చలను కప్పేస్తుంది. చీకట్లో ఒకే దీపం ఉంటే కాంతి ఒకే దిక్కు నుంచి వస్తుంది, లోపలి మచ్చ, పగులు స్పష్టంగా కనిపిస్తాయి. రాయిలో నీలిఛాయ ఉందేమో తెలుసుకోవడానికి మాత్రం దట్టమైన చెట్టు నీడకు తీసుకుపోయేవారు. ఆకుపచ్చని నీడలో నీలం దాగదట.

వజ్రం అంతగా మెరవడానికి కారణం మీ భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉంది. నీటి వక్రీభవన గుణకం 1.33, మామూలు గాజుది సుమారు 1.5, వజ్రానిది 2.42. అందుచేత వజ్రం సందిగ్ధ కోణం 24 డిగ్రీలే. గాజుకు అది దాదాపు 42 డిగ్రీలు. లోపలికి పోయిన కాంతి సులువుగా బయటపడలేక, సంపూర్ణాంతర పరావర్తనం చెంది, చివరకు కంటివైపు తిరిగి వస్తుంది.

ఇంత విలువైన వజ్రం ఏ పదార్థం? ఉత్త కర్బనం. ఇది గుర్తు పెట్టుకోండి. సాయంత్రం మళ్ళీ పని పడుతుంది.

పాలరాతి మేలిముసుగు

ఇక బయలుదేరదాం. సంచిలో మీ జామెట్రీ పెట్టెలోని 45 డిగ్రీల మూలమట్టం, చిన్న భూతద్దం, నోటు పుస్తకం, పెన్సిలు ఉంటే చాలు. 2020 ఫిబ్రవరిలో మొదలైన మెట్రో మార్గంలో చిక్కడపల్లి స్టేషనులో ఎక్కితే నారాయణగూడ, సుల్తాన్‌బజార్ దాటగానే మహాత్మాగాంధీ బస్ స్టేషను. అక్కడ దిగి మూసీనది దాటితే పాతబస్తీ. 1908 సెప్టెంబరులో భయంకరమైన వరదతో ఊరిని ముంచింది ఈ నదే.

నది దాటగానే సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో వెళ్ళండి. ప్రతివాళ్ళూ ఆగే చోట మనమూ ఆగుదాం. ఇటలీ శిల్పి బెన్జోని 1876లో చెక్కిన 'ముసుగు రెబెక్కా' విగ్రహం అది. ముఖం మీది పలచని ముసుగు, ఆ ముసుగు చాటున కన్ను, ముక్కు, పెదవి కనిపిస్తాయి. కానీ అక్కడ గుడ్డా లేదు, చాటూ లేదు. అంతా ఒకే పాలరాయి! ఎలా సాధ్యం? పాలరాయి కాంతిని పూర్తిగా ఆపదు. కొంత కాంతి ఉపరితలం దాటి కొద్దిగా లోపలికి పోయి, చెదిరి, బయటకు వస్తుంది. అందుకే మెత్తని చర్మంలా, పలచని గుడ్డలా భ్రమ కలుగుతుంది. మిగిలినదంతా శిల్పి ఉలి పనితనం. ఎత్తుపల్లాల్లో పడే నీడల్ని మన మెదడు 'ముసుగు'గా చదువుకుంటుంది.

పాలరాయి ఏ పదార్థం? కాల్షియం కార్బొనేటు. సున్నపురాయి భూగర్భంలో వేడికీ, ఒత్తిడికీ లోనై స్ఫటికాలు మారి పాలరాయి అయింది. ఈ పేరు కూడా పుస్తకంలో రాసుకోండి.

అక్కడే బిద్రీ పనివాళ్ళ హుక్కాలు, పాత్రలు కూడా ఉన్నాయి. వాటి లోహంలో ఎక్కువ పాలు యశదం, కొద్దిపాలు రాగి. పాత్ర మీద గాడులు చెక్కి వెండి పొదుగుతారు. తరువాత బీదరు కోట మట్టినీ, నవాసాగరాన్నీ కలిపిన ముద్దతో వేడిగా రుద్దుతారు. యశద మిశ్రమం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. ఒకే ముద్ద రెండు లోహాల మీద రెండు విధాలుగా పనిచేయడమే ఈ కళకు ఆధారం.

సముద్రం లేని ఊరిలో ముత్యాలు

మదీనా కూడలి దాటి చార్మినారు వైపు నడిస్తే పత్తర్‌గట్టీ. రెండు పక్కలా రాతి కమానుల కింద ముత్యాల దుకాణాలు. సముద్రం మనకు వందల కిలోమీటర్ల దూరం. మరి హైదరాబాదుకు ముత్యాల నగరమని పేరెందుకు వచ్చింది? ముత్యాలు పుట్టడం వల్ల కాదు, వాటి పని తెలిసినవారు ఉండడం వల్ల. పర్షియా సింధుశాఖ ముత్యాలు ఇక్కడి రాజులకూ, నవాబులకూ వచ్చేవి. వాటిని ఏరడం, పగలకుండా సన్నని రంధ్రం వేయడం, వరుస కుదిర్చి గుచ్చడం ఇక్కడివారి చేతికి పట్టుబడింది. 1893లో జపానువాడైన మికిమోతో మనిషి ప్రయత్నంతో ముత్యపుచిప్పలో అర్ధగోళాకారపు ముత్యం పెంచగలిగాడు. తరువాత గుండ్రనివీ వచ్చాయి. ఇవి బజారుకు రావడంతోనూ, 1930ల ఆర్థికమాంద్యంతోనూ సింధుశాఖలో ముత్యాల వేట పడిపోయింది. హైదరాబాదు పనితనం మాత్రం నిలిచింది. ఈనాడు మన దుకాణాల్లో ఎక్కువగా కనిపించేవి చైనాలో మంచినీటి ఆల్చిప్పల్లో పెంచినవి. ఒక్కో చిప్పలో పదుల కొద్దీ పెరుగుతాయి.

ఇక మన ప్రశ్న. ముత్యం ఏ పదార్థం? ఆశ్చర్యపోకండి, మళ్ళీ కాల్షియం కార్బొనేటే! కోడిగుడ్డు పెంకు కూడా అదే. మరి గుడ్డు పెంకు మెడలో వేసుకోమేం? తేడా అమరికలో ఉంది. ముత్యంలో కాల్షియం కార్బొనేటు అతి పలచని పలకలుగా, ఇటుకల వరుసల్లా పేర్చి ఉంటుంది. మధ్యలో సిమెంటు లాగా మాంసకృత్తుల పొర ఉంటుంది. ఒక్కో పలక మందం మిల్లీమీటరులో సుమారు రెండువేలవ వంతు. ఇది ఇంచుమించు కాంతి తరంగదైర్ఘ్యమంత. అందువల్ల పై పొర నుంచీ, కింది పొరల నుంచీ తిరిగివచ్చే కాంతి తరంగాలు కలిసి వ్యతికరణం చెందుతాయి. సబ్బుబుడగ మీద రంగులు మెరిసేదీ ఇలాగే. ముత్యంలో ఆ రంగులు లేతగా, లోపలి నుంచి వెలుగుతున్నట్లు ఉంటాయి.

నకిలీ ముత్యమంటే గాజు పూసకో, ప్లాస్టిక్ పూసకో మెరిసే పూత పూసినది. దుకాణదారుని అనుమతి అడిగి మూడు పరీక్షలు చేయవచ్చు. ఒకటి: రెండు ముత్యాలను మెల్లగా ఒకదానితో ఒకటి రాయండి. అసలువైతే సన్న ఇసుక తగిలినట్లు గరగరలాడతాయి, నకిలీవి నున్నగా జారుతాయి. పలకల అంచులే ఈ గరుకుకు కారణం. రెండు: రంధ్రం అంచును భూతద్దంతో చూడండి. నకిలీ ముత్యం పూత అక్కడ పెచ్చులు లేస్తుంది. మూడు: దండలోని పూసలన్నీ అచ్చులో పోసినట్లు ఒకేలా ఉంటే అనుమానించండి. ప్రాణి చేసిన వస్తువులో చిన్న చిన్న తేడాలు సహజం.

ఒక్క మాట. ఈ పరీక్షలు అసలు, నకిలీ తేడా చెబుతాయి గానీ సహజంగా పుట్టినదో, పెంచినదో చెప్పవు. పెంచినది కూడా అసలు ముత్యమే. లోపల ఏముందో తెలియాలంటే ఎక్స్‌రే తీయాలి. ఏ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో, దేనికి చెప్పదో తెలిసి ఉండడం పరీక్ష చేయడమంత ముఖ్యం.

చార్మినారు ఎత్తు కొలుద్దాం

గుల్జార్‌హౌజ్ దాటితే చార్మినారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. నాలుగు దిక్కులా కనిపించే గడియారాలు 1889లో వచ్చినవి.

మెట్లెక్కకుండా దీని ఎత్తు కొలవగలమా? మూలమట్టం తీయండి. ఒక భుజాన్ని నేలకు సమాంతరంగా పట్టుకుని, 45 డిగ్రీల మూలను కంటి దగ్గర ఉంచి, వాలు అంచు వెంబడి మినారు కొనను చూడాలి. వాహనాలు తిరగని జాగాలో మెల్లగా వెనక్కు నడవండి. ఒక మిత్రుడు మీ వెనుక దారి చూస్తూ ఉండాలి. వాలు అంచు సరిగ్గా మినారు కొనను తాకిన చోట ఆగండి. ఇప్పుడు మీకూ మినారు అడుగుకూ మధ్య దూరం, మీ కంటికి పైన మినారు ఎత్తు సమానం. సమద్విబాహు లంబకోణ త్రిభుజం గదా! అడుగులు లెక్కపెట్టండి. మీ అడుగు 60 సెంటీమీటర్లయితే దాదాపు 79 అడుగులు, అనగా 47.4 మీటర్లు వస్తుంది. మీ కంటి ఎత్తు 1.4 మీటర్లు కలపండి. 48.8 మీటర్లు! పుస్తకాల్లో రాసే ఎత్తు 48.7 మీటర్లు. మీకు రెండు మూడు మీటర్ల తేడా వచ్చినా నిరాశపడకండి. ఆ తేడా ఎక్కడ వచ్చిందో వెతకండి, అందులోనే నేర్చుకునేది ఎక్కువ.

ఇప్పుడు దగ్గరకు వెళ్ళి గోడ చూడండి. రాతి కట్టడం మీద సున్నపు గచ్చుతో పూవులు, లతలు తీర్చారు. డంగు సున్నం కథ విచిత్రమైనది. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చితే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. ఇసుక కలిపి, గానుగలో రుబ్బి గోడకు పూస్తే, అది ఏళ్ళ తరబడి గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ గట్టిపడుతుంది. అలా గట్టిపడి ఏమవుతుంది? మళ్ళీ కాల్షియం కార్బొనేటు! రాయిని కాల్చి, పిండి చేసి, కోరిన రూపమిచ్చి, తిరిగి రాయిని చేశారన్నమాట.

రెబెక్కా ముసుగు, మెడలోని ముత్యం, చార్మినారు మీది గచ్చు పూవు. మూడింటి పదార్థం ఒకటే. అమరిక వేరు, చేతిపని వేరు.

బలం ఒకటైతే బలహీనతా ఒకటే. ఆమ్లం మూడింటినీ తింటుంది. వాహనాల పొగలోని గంధక, నత్రజని ఆక్సైడ్లు తేమతో కలిసి ఆమ్లాలవుతాయి. గంధకామ్లం తగిలిన గచ్చు జిప్సంగా మారి, పొడిపొడిగా రాలుతుంది. వాన నీరు పగుళ్ళలో దిగినా గచ్చు పట్టు వదులుతుంది. 2019 మే నెలలో ఒక మినారు నుంచి గచ్చు ముక్క ఊడిపడింది. నాలుగు శతాబ్దాలు నిలిచిన పనితనం అది. దాని మీద మేకుతో పేరు గీకేవాడు ఎంత పని చేస్తున్నాడో మీరే ఆలోచించండి.

లక్కను కరిగించే చేతులు

చార్మినారుకు పడమర వైపు లాడ్‌బజారు. వీధి పొడుగునా గాజులు తళతళలాడుతుంటాయి. లక్క అంటే మీకు మహాభారతంలోని లక్క ఇల్లు గుర్తుకు రావాలి. త్వరగా అంటుకునే పదార్థం కనుకనే దుర్యోధనుడు దాన్ని ఎంచుకున్నాడు. ఈ లక్కను చేసేది చిన్న పురుగు. మోదుగ, రేగు, కుసుం చెట్ల లేత కొమ్మల మీద ఆడ పురుగులు గుంపులుగా చేరి, రసం పీల్చి, తమ చుట్టూ జిగురు కవచం కట్టుకుంటాయి. ఆ కొమ్మల్ని గీకి, కడిగి, కరిగించి వడగడితే లక్క. ఈ పురుగు మీద పరిశోధనకు 1924లో రాంచీ దగ్గర నామ్‌కుంలో ఒక సంస్థనే స్థాపించారు.

లక్క దాదాపు 70 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. మళ్ళీ వేడిచేస్తే మళ్ళీ మెత్తబడుతుంది. దీన్నే ఉష్ణ మృదుత్వం అంటారు. ఒకప్పటి గ్రామఫోను రికార్డులను లక్కతోనే చేసేవారు. విద్యుత్తు తీగలకు లక్క పూత చాలినంత దొరకక, దాని బదులు ఏదైనా తయారు చేద్దామని బయలుదేరిన బేక్‌లాండ్ 1907లో బేకలైటు కనిపెట్టాడు. నేటి ప్లాస్టిక్ యుగానికి తలుపు తీసిన ఘనత ఒక విధంగా ఈ పురుగుదే.

గాజు చేసేవారు బొగ్గుల కుంపటి ముందు కూర్చుంటారు. లక్కలో పొడి కలిపి, వేడిచేసి, కడ్డీగా దొర్లించి, చుట్టి, మెత్తగా ఉండగానే ఒక్కొక్క అద్దపు బిళ్ళనూ, రాయినీ అద్దుతారు. లక్క చల్లారేలోపు వరుస పూర్తి కావాలి, తొందరపడితే వేళ్ళు కాలతాయి. ఆ నిప్పు ముందు ఉక్కలో, పొగలో చేసే పని ఇది. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. అనగా ఈ పేరుతో ఇక్కడి పనివారు చేసినవే అమ్మాలి.

కాని బజారులో లక్క గాజుల పక్కనే ప్లాస్టిక్ గాజులూ ఉంటాయి. దూరానికి రెండూ ఒకేలా మెరుస్తాయి. పాడుచేయకుండా పరీక్షించడం ఎలా? "అమ్మా, ఈ గాజు బిగుతుగా ఉంది, కాస్త పెద్దది చేసిస్తారా?" అని అడగండి. లోపల లోహపు చుట్టు లేని లక్క గాజైతే పనివారు కుంపటి మీద కాస్త వేడిచూపి, సాగదీసి మీ చేతికి సరిచేస్తారు. అచ్చులో పోసిన ప్లాస్టిక్ గాజుకు అది సాధ్యం కాదు. ఉష్ణ ధర్మం మీద ఇంతకంటే మర్యాదైన ప్రయోగం నాకు తెలియదు!

కుంపటిలోని బొగ్గు కేసి చూడండి. పొద్దున్న గుర్తు పెట్టుకోమన్న మాట ఇప్పుడు తీయండి. ఆ బొగ్గు కూడా చాలావరకు కర్బనమే. తావర్నియే సముద్రాలు దాటి వచ్చింది ఏ కర్బనం కోసమో, అదే కర్బనం ఇక్కడ గుప్పెడు గుప్పెడుగా మండుతోంది. వజ్రంలో ప్రతి కర్బన పరమాణువూ నాలుగు పక్క పరమాణువులతో బిగుసుకుని క్రమంగా అమరింది. బొగ్గులో ఆ క్రమం లేదు. తేడా అంతే.

ముక్కును ఎంతవరకు నమ్మాలి?

తిరుగుదారిలో అత్తరు దుకాణం. వర్తకుడు వరుసగా అయిదారు సీసాలు చూపిస్తాడు. మూడో సీసా తరువాత అన్నీ ఒకేలా అనిపిస్తాయి. తప్పు అత్తరుది కాదు, మీ ముక్కుది. ఒకే రకం వాసన తగులుతూ ఉంటే ఘ్రాణేంద్రియం దానికి అలవాటుపడి స్పందన తగ్గిస్తుంది. కాబట్టి ఒకటి, రెండుకు మించి చూడకండి. మణికట్టుకు ఒక్క బొట్టు రాయించుకుని బయటకు వచ్చి ఒక గంట తిరగండి. అత్తరులో ఎన్నో పదార్థాలుంటాయి. తేలికగా ఆవిరయ్యేవి మొదటి నిమిషాల్లోనే పోతాయి, బరువైనవి నిలుస్తాయి. గంట తరువాత మిగిలిన వాసనే మీరు డబ్బిచ్చి కొనే వాసన. మొదటి గుబాళింపు చూసి కొనేవాడు పుస్తకం అట్ట చూసి కొన్నవాడితో సమానం.

ఇంకో జాగ్రత్త. లక్క నీళ్ళలో కరగదు గాని సారాయి కలిసిన ద్రవాల్లో కరుగుతుంది. ముత్యానికి చెమట, సుగంధ ద్రవ్యాలు పడవు. కాబట్టి అత్తరు, చేతులకు రాసుకునే శుద్ధి ద్రవం మొదలైనవి ముందు, ముత్యాలూ లక్క గాజులూ చివర వేసుకోవాలని ఇంట్లో అమ్మకూ, అక్కకూ చెప్పండి.

బేరమంటే ఏమిటి?

కొందరు బేరమంటే సగానికి సగం అడగడం అనుకుంటారు. వస్తువేమిటో తెలియనివాడు చేయగలిగింది అదొక్కటే. అతను ప్లాస్టిక్ గాజును సగం ధరకు తెచ్చుకుని గెలిచాననుకుంటాడు, నిప్పు ముందు కూర్చుని చేసిన గాజును 'ప్రియం' అని వదిలేస్తాడు. నష్టపోయింది అతనొక్కడే కాదు. ఆ రోజు ఆ గాజు చేసిన తల్లి కూడా నష్టపోయింది. నకిలీని పట్టగలిగిన కొనుగోలుదారు నిజాయితీగల వర్తకుడికి శత్రువు కాదు, నేస్తం. పరీక్ష తెలిసినవాడు అసలు వస్తువుకు అసలు ధర ఇవ్వగలడు. చెట్టు కింది ఆ బాల వర్తకులు నోరు విప్పకుండానే వేల నాణేల వ్యాపారం చేశారంటే కారణం ఇదే. మాటకు బదులు రాయి మాట్లాడేది, వాళ్ళకు ఆ భాష వచ్చు.

ఇవి చేసి చూడండి

1. కోడిగుడ్డు పెంకు ముక్కను గ్లాసులో వేసి వెనిగరు పోయండి. వచ్చే బుడగలు ఏ వాయువు? సున్నపుతేటలోకి పంపి తేల్చండి. ఈ ప్రయోగం ఇంట్లో పెంకు మీదే చేయాలి, కట్టడాల మీదా, ముత్యాల మీదా కాదు!

2. మిఠాయి మీది రేకును కొంచెం తీసి వేళ్ళ మధ్య నలపండి. వెండి రేకైతే పొడై కనిపించకుండా పోతుంది. అల్యూమినియం అయితే మెరిసే ఉండగానో, తునకలుగానో మిగులుతుంది. అల్యూమినియం అని తేలితే తినకండి.

3. వంద గురిగింజలు కలిపి తూయండి. గింజ ఒకటికి సుమారు 0.12 గ్రాము రావాలి. రత్నాల క్యారెట్ అంటే 0.2 గ్రాము. ఒక క్యారెట్ ఎన్ని గురిగింజలకు సమానం? పూర్వం కంసాలులు దీన్ని తూకపురాయిగా ఎందుకు ఎంచుకున్నారో ఆలోచించండి. గింజలు విషపూరితం, కొరకకండి, నూరకండి, తూచాక చేతులు కడుక్కోండి.

4. 45 డిగ్రీల మూలమట్టంతో మీ బడి జెండా కర్ర ఎత్తు కొలవండి. ముగ్గురు వేరువేరుగా కొలిచి, తేడాలెందుకు వచ్చాయో చర్చించండి.

5. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళి పాత యాత్రికుల పుస్తకాలున్నాయేమో అడగండి. ఒక్క పుట చదివి, యాత్రికుడు ఏది కళ్ళారా చూసి రాశాడో, ఏది ఎవరో చెప్పగా రాశాడో విడదీయండి.

ఆ తరువాత మీ వీధి చివరి బజారుకే నోటు పుస్తకంతో వెళ్ళండి. ఒక వస్తువును ఎంచుకుని మూడు ప్రశ్నలూ వేయండి. జవాబు తెలియకపోతే అమ్మే వారిని అడగండి. తమ పని గురించి శ్రద్ధగా అడిగే పిల్లలకు ఓపికగా చెప్పని పనివారిని నేను చాలా అరుదుగా చూశాను.